వైరు చివర బరువెంతో మోటారుకు తెలుసు: ఓడల మీది ఎలక్ట్రిక్ క్రేన్లు, వించ్‌ల గురించి పాఠకుల ప్రశ్నలు

సముద్రం మీద పనిచేసే ఓడల క్రేన్ల గురించి, వించ్‌ల (డ్రమ్ము మీద వైరును చుట్టి బరువులు లాగే యంత్రాల) గురించి ఏమైనా అడగాలనుంటే రాయమని పోయిన సంచికలో అన్నాం. అనుకున్నదానికంటే ఎక్కువ ఉత్తరాలే వచ్చాయి. ఒకే సందేహం నలుగురైదుగురు రాసినచోట ఒకరిది మాత్రమే తీసుకున్నాను. పేర్లు వేయడం లేదు కానీ ఎవరేం చేస్తున్నారో రాస్తున్నాను, ఎందుకంటే జవాబు చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది.

ప్రశ్న: ఎన్నో ఏళ్లుగా ఓడల మీద హైడ్రాలిక్ క్రేన్లే నడుస్తున్నాయి. బలానికి బలం, నమ్మకానికి నమ్మకం. ఇప్పుడు ఎవరిని కదిపినా ఎలక్ట్రిక్ అంటున్నారు. ఇది పర్యావరణం పేరు చెప్పి అమ్ముకునే ఫ్యాషనా, నిజంగా పనికొచ్చే మార్పా?
– మెకానికల్ ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: ఫ్యాషన్ కాదు. అలాగని హైడ్రాలిక్‌కు కాలం చెల్లిందనీ కాదు. ముందు శక్తి నడిచే దారి చూడండి. హైడ్రాలిక్ క్రేన్‌లో డీజిల్ ఇంజను జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటుతో ఒక మోటారు తిరుగుతుంది, మోటారు పంపును తిప్పుతుంది, పంపు ఆయిల్‌ను ఒత్తిడితో పైపుల్లోకి నెడుతుంది, ఆ ఆయిల్ వాల్వుల గుండా వెళ్లి హైడ్రాలిక్ మోటారును, అది గేర్‌బాక్స్‌ను, గేర్‌బాక్స్ చివరికి డ్రమ్మును తిప్పుతాయి. అంటే కరెంటు మొదటినుంచీ ఉంది, మధ్యలో ఆయిల్ అనే మజిలీ ఒకటి అదనం. పంపులో కొంత, పైపుల్లో కొంత, వాల్వుల్లో మరికొంత శక్తి వేడిగా పోతుంది. ఆ వేడిని చల్లార్చడానికి మళ్లీ కూలర్లు. క్రేన్ ఏ పనీ లేకుండా లోడు కోసం ఎదురుచూస్తున్నా సరే పంపులు సాధారణంగా తిరుగుతూనే ఉంటాయి, ఆ మోత ఎలా ఉంటుందో కింద గదుల్లో పడుకునేవాళ్లకు తెలుసు. ఎలక్ట్రిక్ వించ్‌లో అయితే జనరేటర్, డ్రైవ్ (మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె), మోటారు, గేర్‌బాక్స్, డ్రమ్ము, అంతే. ఆగి ఉన్నప్పుడు అది వాడుకునే కరెంటు చాలా తక్కువ.

ఇక ఆయిల్. పెద్ద క్రేన్‌లో వేల లీటర్లు ఉంటుంది. ఉప్పుగాలికి ఒక గొట్టం జాయింటు తుప్పుపట్టి సన్నగా కారడం మొదలైందంటే డెక్కు మీద కాలు నిలవదు, అది సముద్రంలోకి పోతే వేరే గొడవ. చలి ప్రాంతాల్లో ఆయిల్ చిక్కబడి, పొద్దున్నే క్రేన్ మాట వినాలంటే ముందు దాన్ని వేడెక్కించాలి.

అయినా నా దృష్టిలో అసలు లాభం వీటిలో ఏదీ కాదు. మోటారులో పారే కరెంటును బట్టి అది ఎంత టార్క్ (తిప్పే బలం) ఇస్తోందో డ్రైవ్ సెకనుకు వేలసార్లు లెక్కకడుతుంది. వైరు చివర బరువు పెరిగినా తగ్గినా కన్నుమూసి తెరిచేలోపు దానికి తెలిసిపోతుంది, తెలిసిన వెంటనే సర్దుకుంటుంది కూడా. మోటారు అసలు తిరగకుండా, సున్నా వేగంలో, పూర్తి టార్క్‌తో లోడును పట్టుకుని నిలబడగలదు. ఆయిల్‌తోనూ మంచి కంట్రోల్ సాధ్యమే, ఎన్నో ఏళ్ల నైపుణ్యం దాని వెనుక ఉంది. కాకపోతే ఆయిల్ కొద్దిగానైనా కుదించుకుపోతుంది, వాల్వు తెరుచుకోవడానికి కొంత సమయం పడుతుంది, పొడుగాటి పైపుల్లో ఆలస్యం ఉంటుంది. వీటన్నిటినీ ముందే ఊహించి సరిచేసుకుంటూ పోవాలి.

హైడ్రాలిక్ గెలిచే చోటు కూడా చెప్పాలి. అదే బలానికి హైడ్రాలిక్ మోటారు చాలా చిన్నది, లోపల తిరిగే బరువు తక్కువ కాబట్టి దిశ మార్చడం దానికి తేలిక. బూమ్‌ను, అంటే క్రేన్ చేతిని, మడిచే సిలిండర్ల సంగతికొస్తే ఆయిల్‌ను తీసేయడం అంత సులువు కాదు. అందుకే వించ్‌ను, తిరిగే భాగాన్ని ఎలక్ట్రిక్ చేసి, సిలిండర్లను ఆయిల్‌తోనే ఉంచిన క్రేన్లు చాలానే ఉన్నాయి. నేను దాన్ని రాజీ అనను, మంచి ఇంజనీరింగ్ అంటాను.

ప్రశ్న: ఓడ అలల మీద పైకీ కిందికీ ఊగుతూ ఉంటే, మూడు కిలోమీటర్ల లోతున ఉన్న లోడును కదలకుండా ఎలా ఉంచుతారు? వైరు లాగినప్పుడల్లా అది ఎగిరి పడదా?
– ఫిజిక్స్ లెక్చరర్

జవాబు: ఏమీ చేయకపోతే ఎగిరి పడుతుందండీ. సముద్రగర్భంలో వాల్వుల పెట్టెనో పంపునో దాని చోట కూర్చోబెట్టేటప్పుడు ఓడ రెండు మీటర్లు లేస్తే లోడూ లేస్తుంది, తర్వాత ఓడ దిగినప్పుడు పోయి అడుగుకు గుద్దుకుంటుంది. దీనికి విరుగుడునే యాక్టివ్ హీవ్ కాంపెన్సేషన్ అంటారు. ఓడలో కదలికలు కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది. ఓడ ఎంత లేచింది, ఎంత వాలింది, ఎంత ఊగింది అన్నది అది చెబుతుంటే, కంట్రోలర్ దాన్నిబట్టి క్రేన్ కొస ఎంత కదిలిందో లెక్కకట్టి వించ్‌ను తిప్పుతుంది. ఓడ లేస్తే వైరు వదులుతుంది, ఓడ దిగితే చుట్టుకుంటుంది. అన్నీ సరిగ్గా కుదిరితే కింద లోడు దాదాపు ఉన్నచోటే ఉంటుంది, డెక్కు మీద నిలబడి చూసేవాడికి మాత్రం డ్రమ్ము అటూ ఇటూ ఊగుతూ కనిపిస్తుంది.

లెక్చరర్ గారు కాబట్టి లెక్క కూడా చెబుతాను. లోడు 50 టన్నులు అనుకోండి, క్రేన్ కొస పై నుంచి కిందికి 4 మీటర్లు కదులుతోంది, అల 10 సెకన్లకొకటి వస్తోంది. వైరు బరువు, నీటి రాపిడి, తేలుడు పక్కన పెడదాం. గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 1.26 మీటర్లు అవుతుంది, ఆ క్షణంలో మోటారు మోయాల్సింది 600 కిలోవాట్ల పైమాటే. ఓడ దిగుతున్న 5 సెకన్లలో మోటారు 4 మీటర్ల వైరును చుట్టాలి, దానికయ్యే శక్తి దాదాపు 2 మెగాజూళ్లు. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే అర యూనిట్టు, అంతే. తర్వాతి 5 సెకన్లలో ఓడ లేస్తూ వైరును లాగుతుంది, మోటారు జనరేటర్‌గా మారి ఆ అర యూనిట్టును తిరిగిస్తుంది, మధ్యలో కాస్త నష్టం పోను.

నాకు ఈ విద్యలో బాగా నచ్చేది ఇదే. తీసుకునే జోరు వందల కిలోవాట్లలో ఉంటుంది కానీ ఒక అలకు అటూ ఇటూ మారే శక్తి చాలా కొద్ది. కాబట్టి పక్కనే సూపర్ కెపాసిటర్లు (కరెంటును చటుక్కున నింపుకుని చటుక్కున ఇచ్చేవి) గానీ, బ్యాటరీలు గానీ పెట్టుకుంటే ఆ ఊపునంతా అవే మింగేస్తాయి, ఓడ జనరేటర్లు నష్టాలను మాత్రం భర్తీ చేస్తే చాలు. హైడ్రాలిక్ క్రేన్లు తయారుచేసేవాళ్లూ ఊరుకోలేదు, ఒత్తిడిని దాచుకునే, గ్యాస్ నింపిన అక్యుములేటర్లతోనూ, లోడు దిగేటప్పుడు వచ్చే బలాన్ని వెనక్కి తీసుకునే పంపులతోనూ ఇదే పని చేయిస్తున్నారు. ఎలక్ట్రిక్‌లో అది సహజంగా వచ్చేస్తుంది.

అయితే చిక్కు ఒకటుంది. మోటారు రోటర్ (లోపల తిరిగే భాగం), గేర్లు, కిలోమీటర్ల వైరు చుట్టుకున్న డ్రమ్ము, ఇంత బరువును ప్రతి అలకూ రెండుసార్లు ఆపి దిశ మార్చాలి. లోడును పట్టుకోవడానికి కావాల్సిన టార్క్ ఒక ఎత్తు, ఈ తిరిగే బరువును ఆపడానికి కావాల్సింది మరో ఎత్తు. డిజైనర్ పెద్ద మోటారు వేద్దామంటే రోటర్ బరువు పెరుగుతుంది, చిన్న మోటారుకు ఎక్కువ గేరు నిష్పత్తి పెడదామంటే అది మరీ వేగంగా తిరగాల్సి వచ్చి తంటా ఇంకా పెరుగుతుంది. ఎలక్ట్రిక్ వించ్ డిజైన్ చేసేవాళ్లు అసలు కుస్తీ పట్టేది ఇక్కడే.

ఇంకోటి, దీన్ని బయటివాళ్లు పెద్దగా పట్టించుకోరు. లోడును ఒకే లోతులో ఆపి ఉంచితే, పుల్లీ మీద వంగే వైరు ముక్క కూడా అదే ముక్క. పది సెకన్లకో అల అంటే గంటకు 360, రోజంతా అయితే 8,640. అన్నిసార్లు ఆ కొద్ది మీటర్ల ఉక్కే వంగి నిటారవుతుంది. మిగతా వైరంతా కొత్తదానిలా మెరుస్తున్నా అక్కడ లోపలి తీగలు తెగుతుండవచ్చు. అందుకే ఏ లోతులో ఎంతసేపు ఆగారో కంప్యూటర్‌లో లెక్క పెట్టుకునే పద్ధతి వచ్చింది. వైరు తనిఖీ చేసేవాళ్లు వెర్నియర్‌తో మందం కొలుస్తారు, తెగిన తీగలు లెక్కపెడతారు, అయస్కాంత పద్ధతిలో లోపలి తీగలనూ పరీక్షిస్తారు, కొసన ఒక ముక్క కోసి తెగేదాకా లాగి చూస్తారు.

ప్రశ్న: ఉక్కు వైరు బదులు ఫైబర్ తాడు వాడితే బరువు తగ్గుతుందంటారు, మరి అందరూ ఎందుకు వాడటం లేదు?
– తాళ్ల వ్యాపారంలో ఉన్న పాఠకుడు

జవాబు: బరువు నిజంగానే తగ్గుతుంది. లోతుకు దించే 150 టన్నుల క్రేన్లలో 7, 8 సెంటీమీటర్ల మందం వైరు మామూలు, అది మీటరుకు పాతిక కిలోల దాకా తూగుతుంది. 3,000 మీటర్లు వదిలితే వైరే 75 టన్నులు, నీళ్లలో తేలుడు పోను కూడా 65 వరకు. అంటే క్రేన్ సత్తాలో సగానికి దగ్గరగా తన వైరును తాను మోయడానికే పోతోంది. డైనీమా లాంటి పాలిథీన్ జాతి ఫైబర్ నీటికంటే తేలిక, ఎంత లోతు వెళ్లినా క్రేన్ సత్తా తగ్గదు.

ఇబ్బంది వేడితో. ఇందాక చెప్పిన ఆ వంగుళ్లకు తాడు లోపల పోగులు ఒకదానితో ఒకటి రాసుకుని వేడెక్కుతాయి. ఈ ఫైబర్ సుమారు 150 డిగ్రీలకు కరిగిపోతుంది, బలం అంతకు చాలా ముందే తగ్గిపోతుంది. నీళ్లు చల్లి చల్లబరచాలి, వేడి కొలుస్తూ ఉండాలి. పైగా డ్రమ్ము మీద బరువుతో చుడితే పై వరస కింది వరసల్లోకి కూరుకుపోతుంది కాబట్టి, లాగే పని వేరే చక్రాలతో చేయించి, డ్రమ్మును నిల్వకు మాత్రం వాడే ఏర్పాటు చేస్తారు. అదంతా ఖర్చు, డెక్కు మీద చోటు. బాగా లోతుల్లో పనిచేసేవాళ్లకే గిట్టుబాటు.

ప్రశ్న: మా అబ్బాయి చమురు రిగ్గుల లంగర్లు వేసి తీసే యాంకర్ హ్యాండ్లింగ్ ఓడ డెక్కు మీద పనిచేస్తాడు. కొత్త ఓడలో వించ్‌లు ఎలక్ట్రిక్ అని చెప్పాడు. కరెంటు పోతే పైన వేలాడే బరువు వాళ్ల మీద పడదా? అప్పటినుంచీ నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ భయంలో మొదటి సగానికి జవాబు సులువు. ఈ వించ్‌ల బ్రేకులను పట్టి ఉంచేది స్ప్రింగు, కరెంటు కాదు. కరెంటు ఉన్నంతసేపు అది బ్రేకును విడిపించి ఉంచుతుంది. కరెంటు పోయిన మరుక్షణం స్ప్రింగు బిగుసుకుని డ్రమ్ము ఆగిపోతుంది, లోడు పడదు. మనుషులను ఎత్తే వించ్‌లకైతే ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండో బ్రేకు కూడా ఉండాలని ఆఫ్‌షోర్ క్రేన్ల ప్రమాణాలు చెబుతున్నాయి.

రెండో సగం గురించి కూడా దాచకుండా చెప్పాలి. సముద్రం మీద బ్రేకు పట్టడం ఎంత ముఖ్యమో, సమయానికి వదలడం కూడా అంతే ముఖ్యం. కొక్కెం పక్కనున్న ఓడకు తగులుకుని, ఆ ఓడ అలతో పాటు కిందికి జారిందనుకోండి. అప్పుడు వించ్ గట్టిగా పట్టుకుంటే క్రేనే పెకలించుకు వస్తుంది. అందుకే రెండు రక్షణలు పెడతారు. ఒకటి తనంతట తాను గుర్తించి, వైరును కొంత బిగువుతోనే వదిలేది. రెండోది ఆపరేటర్ చేత్తో నొక్కేది, ఓడలో కరెంటు మొత్తం పోయినా అది పనిచేయాలి. ఎలక్ట్రిక్ వించ్‌లో ఈ రెండోది సాధించడానికి ప్రత్యేకంగా కష్టపడాలి, బ్రేకును విడిపించడానికి విడిగా బ్యాటరీయో, నిల్వ ఉంచిన గాలి ఒత్తిడో ఉండాలి. కొత్త ఓడ కొనేవాళ్లు కంపెనీని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే కావాలని నా అభిప్రాయం: చీకట్లో, జనరేటర్లన్నీ ఆగిపోయిన క్షణంలో ఈ వైరును ఎలా వదులుతారు, దాన్ని మాకు చేసి చూపించండి.

2007 ఏప్రిల్ 12న షెట్లాండ్ దీవుల పడమర దిక్కున బోర్బన్ డాల్ఫిన్ అనే నార్వే ఓడ రిగ్గుకు లంగరు వేసే పనిలో ఉండగా బోల్తా పడింది. 15 మందిలో 8 మంది పోయారు. వాళ్లలో కెప్టెన్‌తో పాటు వచ్చిన 14 ఏళ్ల కొడుకు కూడా ఉన్నాడు. బరువైన లంగరు గొలుసు ఓడను పక్కకు లాగింది, అత్యవసరంగా వదిలే ఏర్పాటు వాడినా ఆ బలం తగ్గాల్సినంత త్వరగా తగ్గలేదు. విచారణ సంఘం ఒక్క మనిషిని, ఒక్క యంత్రాన్ని తప్పుపట్టలేదు. ఓడ స్థిరత్వం, పని ప్రణాళిక, సిబ్బందికి సమయం ఇవ్వకుండా పనిలోకి దించడం, ఇలా చాలా లోపాలు ఒకచోట చేరాయని తేల్చింది. సముద్రంలో ప్రాణరక్షణ కోసం ఉన్న అంతర్జాతీయ సోలాస్ ఒడంబడికలో ఓడల మీది లిఫ్టింగ్ సామగ్రికీ, యాంకర్ హ్యాండ్లింగ్ వించ్‌లకూ కలిపి ప్రత్యేక నిబంధన వచ్చింది మాత్రం 2026 జనవరి 1 నుంచే. పరీక్షలు, తనిఖీలు, నిర్వహణ, సిబ్బందికి తర్ఫీదు, ఇవన్నీ ఇప్పుడు అందులో భాగం. ఇంత ఆలస్యంగా రావడం నాకు బాధ కలిగించే విషయమే.

మీ అబ్బాయికి మీరు చెప్పగలిగింది ఒకటుంది. తెగిన వైరు వెనక్కి కొట్టే దారిలో నిలబడొద్దని. మోటారు ఏ రకమైనా బిగిసిన వైరులో దాగిన బలం ఒకటే, తెగిందంటే తప్పుకునే వ్యవధి ఉండదు. డెక్కు మీద ఆ చోట్లు ఎక్కడెక్కడో పనికి ముందు మాట్లాడుకుంటారు. ఆ మాటలప్పుడు సందేహం ఉంటే అడగమనండి, పని ఆపమనే హక్కు కొత్తగా చేరినవాడికి కూడా ఉంటుంది, దాన్ని వాడుకోమనండి.

ప్రశ్న: ఇంత ఖరీదైన క్రేన్లు కూడా విరుగుతాయా? టెస్టులు చేశాకే కదా ఓడ ఎక్కిస్తారు?
– రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: విరుగుతాయి, కొన్నిసార్లు టెస్టులోనే. 2020 మే 2న జర్మనీలోని రోస్టాక్ రేవులో ఓరియన్ అనే కొత్త ఓడ మీది 5,000 టన్నుల క్రేన్‌ను 5,500 టన్నుల దాకా పరీక్షించబోతుంటే, 2,600 టన్నుల దగ్గరే కొక్కెం విరిగిపోయింది. భారం ఒక్కసారిగా పోవడంతో బూమ్ వెనక్కి విరిగి పడింది. కొందరు గాయపడ్డారు, ప్రాణాలు మాత్రం పోలేదు. మోటార్లు, డ్రైవ్‌లు, సాఫ్ట్‌వేర్, అన్నీ వాటి పని అవి చేస్తున్నాయి. పోయింది ఒక ఉక్కు ముక్క. టెస్టు దండగ అని దీన్నిబట్టి అనుకోకండి. అదే కొక్కెం నడిసముద్రంలో, చుట్టూ మనుషులుండగా విరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ప్రశ్న: నేను ఫ్యాక్టరీలో డ్రైవ్‌లు, మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్‌ని. ఈ రంగంలోకి రావచ్చా? అసలు ఈ క్రేన్ల వెనుక ఎవరెవరు పనిచేస్తారు?
– ఎలక్ట్రికల్ డిప్లొమా చేసిన పాఠకుడు

జవాబు: తప్పకుండా రావచ్చు, మీలాంటివాళ్ల అవసరం ఇప్పుడే పెరుగుతోంది. క్యాబిన్‌లో కూర్చునే ఆపరేటర్ ఒక్కడే బయటికి కనిపిస్తాడు. లోడు నీటి ఉపరితలాన్ని తాకే ఘడియలో, సగం గాలిలో సగం నీళ్లలో ఉన్నప్పుడు, కింద నుంచి అల తన్నితే వైరు వదులై, మరుక్షణం ఝాడించి బిగుసుకుంటుంది. ఆ కొద్ది మీటర్లు ఏ అల తర్వాత దాటాలో చూసి ఎంచుకోవడం అతని విద్య, కంప్యూటర్ ఎంత సాయపడినా ఆ నిర్ణయం మనిషిదే. అతనికి సైగలిచ్చే డెక్కు మనిషి, ఓడ ఒరుగును లెక్కకట్టే నేవల్ ఆర్కిటెక్ట్, ఓడలు ప్రమాణాల ప్రకారం ఉన్నాయో లేదో చూసే క్లాస్ సొసైటీ తరఫున వచ్చి వెల్డింగుల దగ్గర్నుంచి చూసే సర్వేయర్, ఇంకా కంట్రోల్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఉంటారు. ఈ చివరివాళ్లు క్రేన్ పుట్టకముందే కంప్యూటర్‌లో ఒక నకిలీ ఓడను అలల మీద ఊపుతూ, అసలు కంట్రోలర్‌ను దానికి తగిలించి, సెన్సర్ చెడిపోయినట్టు, కరెంటు పోయినట్టు నటింపజేసి అదేం చేస్తుందో చూస్తారు.

మీరు చేరగలిగేది ఈటీఓ ఉద్యోగం, అంటే ఓడలో ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్. 2010లో మనీలాలో నావికుల శిక్షణ ఒడంబడిక ఎస్టీసీడబ్ల్యూను సవరించినప్పుడు దీనికి ప్రత్యేక సర్టిఫికెట్ ఏర్పాటు చేశారు, 2012 జనవరి 1 నుంచి అది అమలులో ఉంది. దానికి గుర్తింపు పొందిన శిక్షణ, ఓడ మీద అనుభవం, వైద్య పరీక్ష కావాలి. ఓడ ఎక్కడం ఇష్టం లేకపోతే క్రేన్ కంపెనీల సర్వీస్ ఇంజనీరుగా వెళ్లవచ్చు, అక్కడ డ్రైవ్ అనుభవానికి మంచి విలువ ఉంది.

ఫ్యాక్టరీకీ దీనికీ తేడాలు ముందే తెలిసి ఉండటం మంచిది. ఫ్యాక్టరీలో మోటారు తిరిగిచ్చే కరెంటును గ్రిడ్ మింగేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఓడ గ్రిడ్ చిన్నది. ఆ క్షణంలో వాడకం తక్కువుంటే వెనక్కి వచ్చిన కరెంటు జనరేటర్‌ను మోటారులా తిప్పబోతుంది, అలా ఎదురు వచ్చే కరెంటును పసిగట్టే రివర్స్ పవర్ రిలే ఆ జనరేటర్‌ను లైను నుంచి విడదీస్తుంది, ఓడ మొత్తం చీకటయ్యే ప్రమాదం ఉంది. దాన్ని తప్పించడానికే ఆ మిగులును వేడిగా తగలేసే బ్రేకింగ్ రెసిస్టర్లు ఉంటాయి, వాటి ఆరోగ్యం మీ బాధ్యత. క్రేన్ తిరిగే పీఠం లోపల స్లిప్ రింగులు (తిరిగే భాగానికి కరెంటు అందించే లోహపు కడియాలు) ఉంటాయి, కార్బన్ బ్రష్‌ల నల్లపొడి అక్కడ పేరుకుని, దానికి ఉప్పు తేమ తోడైతే ఇన్సులేషన్ పడిపోతుంది. ప్యానెళ్లలో తేమ చేరకుండా హీటర్లు ఉంటాయి. క్రేన్ వాడని రోజుల్లో కూడా వాటిని ఆపకూడదు. 690 వోల్టుల సరఫరా మీద నడిచే డ్రైవ్‌లో డీసీ బస్ (లోపల డీసీ కరెంటు నడిచే భాగం) వెయ్యి వోల్టులకు దగ్గరగా ఉంటుంది. మెయిన్ స్విచ్ తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో అది నిలిచే ఉంటుంది, సూపర్ కెపాసిటర్లు, బ్యాటరీలు కూడా ఉన్న ఓడలో అయితే ఆ వైపు కూడా విడిగా తప్పించి తాళం వేయాలి. ఓడ ఊగుతున్నా, పైన బ్రిడ్జి నుంచి తొందరపెడుతున్నా, డ్రైవ్ హెచ్చరిక ప్లేటు మీద రాసినన్ని నిమిషాలు ఆగి, మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి లోపల పెట్టండి.